పోర్టోలో మూడు రోజులు: ఎక్కడానికి మెట్రో, దిగడానికి కాళ్ళు

పోర్టో వెళ్ళొచ్చిన వాళ్ళెవరిని కదిలించినా ముందు మోకాళ్ళ సంగతే చెబుతారు. డౌరో నది అట్లాంటిక్‌లో కలవబోయే చోట గ్రానైట్ కొండ వాలు మీద కట్టిన పోర్చుగల్ ఊరు అది. నది దగ్గర మొదలైన సందు ఎటు తిరిగినా పైకే పోతుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చూడాల్సిన చోట్ల జాబితా రాసుకున్నాను గానీ ఏది కొండ మీద ఉంది, ఏది కింద ఉంది అని చూసుకోలేదు. మధ్యాహ్నానికే కాళ్ళు లాగేశాయి. అక్కణ్ణుంచి పర్సు ఖాళీ అవడం మొదలైంది: రెండు వీధుల దూరానికి టాక్సీ, ఎదురుగా కనిపించిందని ఒడ్డున ఖరీదైన హోటల్లో భోజనం, పైకి రావడానికి ఫ్యూనిక్యులర్ (వాలు మీద తాడుతో లాగే బండి) టికెట్.

రెండోసారి వెళ్ళినప్పుడు ఎత్తుపల్లాలను బట్టి ప్లాన్ వేసుకున్నాను. పొద్దున మెట్రోలో పైకి చేరడం, అక్కణ్ణుంచి చూసుకుంటూ నడిచి నదికి దిగడం, సాయంత్రం బస్సులో మళ్ళీ పైకి రావడం. చూసినవి ఎక్కువ, ఖర్చు మాత్రం సగం. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క పద్ధతి మీదే నడుస్తుంది.

1. ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్, మే నెలలు, లేదంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా. గదుల ధరలు అందుబాటులో ఉంటాయి, ఎండ బాధించదు. నవంబరు నుంచి జనవరి దాకా చవకే, కానీ అట్లాంటిక్ వానలు పట్టుకుంటే వదలవు. పైగా పాత ఇళ్ళలో హీటింగ్ అంతంతమాత్రం. చలికాలం వెళ్ళేవాళ్ళు గదిలో హీటర్ ఉందో లేదో అడిగాకే డబ్బు కట్టండి.

జూన్ 23 రాత్రి సావ్ జోవావ్ పండగ. ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. కనిపించిన ప్రతివాళ్ళ నెత్తిన ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా కొడతారు, వీధుల్లో చేపలు కాలుస్తారు, అర్ధరాత్రి నది మీద బాణసంచా కాలుస్తారు. కుండీల్లో మంజెరికు అనే మొక్కలు అమ్ముతారు. అది మన తులసి బంధువే, ఆకులు మాత్రం చిట్టివి. దాన్ని ముక్కుతో నేరుగా వాసన చూడకూడదట. అరచేత్తో నిమిరి, ఆ చెయ్యి వాసన చూడాలి. పండగ చూడాలనుకుంటే నెలల ముందే గది తీసుకోవాలి. పొదుపే ముఖ్యమనుకుంటే ఆ వారం వదిలేయండి.

మూడు రాత్రులు చాలు. మొదటి సాయంత్రం, రెండో రోజు పూర్తిగా ఊరికి. మూడో రోజు రైలెక్కి పక్క ఊరికి.

2. చేరుకోవడం

యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళకి ఇది తేలిక. చవక విమాన సంస్థలు చాలా నగరాల నుంచి పోర్టోకి నేరుగా నడుపుతాయి. వీపు మీది సంచి సీటు కింద పట్టేంత ఉంటే అదనపు రుసుము ఉండదు. మూడు రోజులకి అంతకంటే అక్కర్లేదు కూడా. మంగళ, బుధవారాల్లో వెళ్ళి వచ్చేలా చూసుకుంటే టికెట్టూ గదీ రెండూ తగ్గుతాయి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయల్దేరేవాళ్ళకి షెంగెన్ వీసా కావాలి. పెద్దవాళ్ళకి వీసా రుసుము 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఇంత ఖర్చు పెట్టుకుని ఒక్క పోర్టో కోసమే రావడం నా దృష్టిలో గిట్టుబాటు కాదు. లిస్బన్ యాత్రకి దీన్ని జతచేయండి. లిస్బన్ నుంచి వేగం రైల్లో మూడు గంటలు. పోర్చుగల్ రైల్వే వాళ్ళ సైట్‌లో ముందుగా కొంటే టికెట్ బాగా తగ్గుతుంది, ఆఖరి రోజు కొంటే పూర్తి ధర. దూరపు రైళ్ళు ఊరి చివర కంపాన్యా స్టేషన్‌లో ఆగుతాయి. అదే టికెట్ మీద లోకల్ రైలు మారి ఊరి నడిబొడ్డున ఉన్న సావ్ బెంతో దాకా వెళ్ళొచ్చు. ఆ సంగతి తెలియక చాలామంది టాక్సీ మాట్లాడుకుంటారు.

3. బస: నది పక్కన వద్దు, కొండ మీద తీసుకోండి

ఫోటోల్లో రంగురంగుల ఇళ్ళతో కనిపించే రిబేరా నది ఒడ్డున ఉంది. అక్కడ గది ఖరీదు ఎక్కువ, రాత్రి గోల ఎక్కువ, పొద్దున బయటికి వస్తే నిటారు చడావు. దాని బదులు త్రిందాద్, బొల్యావ్, మార్కెస్ మెట్రో స్టేషన్ల చుట్టుపక్కల వెతకండి. మూడూ కొండ పైభాగంలోనే ఉన్నాయి. హాస్టల్లో ఒక పడక 20 నుంచి 30 యూరోలకి దొరుకుతుంది. ఇద్దరు వెళ్తే పాత తరహా చిన్న లాడ్జిలో గది తీసుకోవడమే మేలు.

డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా? పాత ఇళ్ళు ఇరుకుగా, పొడవుగా ఉంటాయి. నాకు దొరికిన గది నాలుగో అంతస్తులో. మెట్లు నిచ్చెనలా ఉండేవి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఇది చిన్న విషయం కాదు. రెండోది, పర్యాటక పన్ను ధరలో కలిపారా? పోర్టోలో మనిషికి రాత్రికి 3 యూరోలు నగరపాలక సంస్థకి కట్టాలి. చాలాచోట్ల అది గదికి చేరాక విడిగా వసూలు చేస్తారు.

4. ఆందాంత్ కార్డు

విమానాశ్రయం నుంచి ఊదా రంగు మెట్రో లైన్ ఎక్కితే అరగంటలో త్రిందాద్. టికెట్ యంత్రంలో ముందు 60 సెంట్ల ఆందాంత్ కార్డు వస్తుంది, దాని మీద ప్రయాణాలు నింపుకోవాలి. విమానాశ్రయానికి నాలుగు జోన్ల టికెట్, రెండున్నర యూరోలు అనుకోండి. ఊళ్ళో తిరగడానికి రెండు జోన్ల టికెట్ సరిపోతుంది, ఒకటిన్నర యూరో. దానితో గంట లోపు ఎన్ని బండ్లయినా మారొచ్చు.

మనవాళ్ళు పొరపాటు పడేది ఇక్కడే. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్ళడానికి లేదు, మనిషికొకటి కావాలి. స్టేషన్లలో గేట్లు ఉండవు. పసుపు యంత్రానికి కార్డు తాకించి ఆకుపచ్చ లైటు చూశాకే ఎక్కాలి. లైన్ మారినప్పుడూ మళ్ళీ తాకించాలి. తనిఖీ వాళ్ళు దొరకబుచ్చుకుంటే జరిమానా మీ హోటల్ ఖర్చుని మించిపోతుంది. ఇంకొకటి: కార్డు మీద నాలుగు జోన్ల టికెట్లు మిగిలి ఉండగా రెండు జోన్లవి ఎక్కించలేరు. అందుకే విమానాశ్రయంలో ఒక్క ప్రయాణమే కొనండి.

రోజంతా తిరిగే పర్యాటక పాసులు ఈ పద్ధతిలో అక్కర్లేదు. రోజుకి రెండు మూడు ప్రయాణాలకి మించి చేయరు.

5. మొదటి సాయంత్రం

సంచి గదిలో పడేసి బొల్యావ్ మార్కెట్‌కి నడవండి. వందేళ్ళు దాటిన ఈ కట్టడాన్ని బాగుచేసి 2022లో మళ్ళీ తెరిచారు. పళ్ళు, ఆలివ్‌లు, రొట్టె ఇక్కడే కొనుక్కుంటే రేపటి టిఫిన్ అయిపోతుంది. ఆదివారం మూసేస్తారు, గుర్తుపెట్టుకోండి. పక్క వీధిలోనే గోడలన్నీ నీలం పలకలతో కప్పేసిన అల్మాస్ ప్రార్థనా మందిరం ఉంది. అక్కణ్ణుంచి అలియాదోస్ రోడ్డు మీదుగా వాలులో దిగుతూ సావ్ బెంతో స్టేషన్‌కి వచ్చేయండి.

రైలెక్కే పని లేకపోయినా ఈ స్టేషన్లో అరగంట నిలబడండి. టికెట్ లేదు. గోడల మీద దాదాపు 20,000 నీలం పలకలు, జార్జ్ కొలాసు గీసినవి. స్టేషన్ తెరిచింది 1916లో. ఒక బొమ్మ దగ్గర ఆగి చూడండి: ఎగాస్ మోనిజ్ అనే పెద్దాయన భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని పొరుగు రాజ్యం లియోన్ రాజు ముందు నిలబడి ఉంటాడు. తన యువరాజు తరఫున రాజుకి మాట ఇచ్చి ముట్టడి ఎత్తేయించాడట. యువరాజు ఆ మాట నిలబెట్టలేదు. మాట తప్పిన పాపం నాది, ప్రాణాలు తీసుకో అంటూ మెడకు తాడు వేసుకుని వెళ్ళాడని కథ. ఆ నిజాయితీకి రాజు క్షమించి పంపేశాడంటారు. ఆ యువరాజే తర్వాత పోర్చుగల్ మొదటి రాజయిన అఫోన్సు హెన్రిక్స్. మూడో రోజు మనం వెళ్ళేది ఆయన ఊరికే.

పొద్దు గుంకడానికి గంట ముందు సావ్ బెంతోలో పసుపు లైన్ ఎక్కండి. ఒక్క స్టేషన్. మెట్రో నేల కింద నుంచి బయటికొచ్చి దొం లూయిస్ వంతెన పై అంతస్తు మీద నదిని దాటి జార్దిం దు మోరు దగ్గర దింపుతుంది. అవతలి ఒడ్డు గాయా ఊరు. పచ్చిక వాలు మీద కూర్చుంటే ఎదురుగా పోర్టో మొత్తం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. బజారులో కొన్న పళ్ళు అక్కడే తినండి. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన గంట ఇదే, దీనికి అయిన ఖర్చు మెట్రో టికెట్టే.

ఈ వంతెనని ఐఫిల్ కట్టాడని చాలామంది చెబుతారు. కాదు. ఐఫిల్ దగ్గర ఒకప్పుడు భాగస్వామిగా పనిచేసిన తియోఫిల్ సేరిగ్ రూపకల్పన ఇది; 1886లో తెరిచారు. ఐఫిల్ సంస్థ కట్టింది కాస్త ఎగువన ఉన్న 1877 నాటి మరియా పియా రైలు వంతెన. తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద నడిచే రండి. పట్టాల పక్కనే నడక దారి. మెట్రో చప్పుడు లేకుండా వస్తుంది, పిల్లల చెయ్యి వదలకండి.

6. రెండో రోజు: పైనుంచి నదికి

పొద్దున తొమ్మిదికల్లా కార్మో చర్చి దగ్గర ఉండండి. పక్క గోడంతా నీలం పలకల బొమ్మే, వీధిలో నిలబడి చూడొచ్చు. దగ్గర్లోనే లెల్లో పుస్తకాల షాపు. 1906 నాటి కట్టడం, లోపల వంపు తిరిగిన చెక్క మెట్లు. లోపలికి వెళ్ళడానికి దాదాపు 10 యూరోల టికెట్ కొనాలి, పుస్తకం కొంటే అందులోంచి మినహాయిస్తారు. పుస్తకం కొనే ఉద్దేశం ఉంటే తప్పక వెళ్ళండి. ఊరికే ఫోటో కోసమైతే ఆ డబ్బుతో ఒక మంచి భోజనం వస్తుంది.

క్లెరిగోస్ గోపురం విషయమూ అంతే. నికొలావ్ నజోనీ అనే ఇటలీ శిల్పి 18వ శతాబ్దంలో కట్టినది, ఎత్తు 75 మీటర్లు, రెండొందలకి పైగా మెట్లు. కింద నుంచి చూసినా దాని అందం తెలుస్తుంది. దృశ్యం కోసమే ఎక్కాలనుకుంటే కొద్ది నిమిషాల నడకలో ఉన్న విటోరియా వ్యూపాయింట్‌కి వెళ్ళండి. కప్పుల ఎర్ర పెంకులు, పెద్ద చర్చి, నది అన్నీ అక్కణ్ణుంచి ఉచితంగా కనిపిస్తాయి.

అక్కణ్ణుంచి దిగి పూల వీధి అనే అర్థం వచ్చే రువా దాస్ ఫ్లోరెస్ మీదుగా సే అనే పెద్ద చర్చి ముంగిటికి చేరండి. రోజు మొత్తంలో కాస్త ఎక్కాల్సింది ఈ ఒక్కచోటే. బంగారు రేకు అద్దిన చెక్క నగిషీ కోసం అందరూ సావ్ ఫ్రాన్సిస్కు చర్చికి పోతారు. దానికి ముందు సే పక్కనే ఉన్న సాంతా క్లారా చర్చి చూడండి. బయట ఏమీ లేనట్టే ఉంటుంది. తలుపు దాటితే నేల తప్ప అంతా బంగారమే. టికెట్ తక్కువ, జనం తక్కువ. రెంటిలో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే నా ఓటు దీనికే.

అక్కణ్ణుంచి కొదెసాల్ మెట్లు నదికి దిగుతాయి. ఇళ్ళ వసారాల కింద నుంచి, ఆరేసిన బట్టల మధ్య నుంచి దారి. రాళ్ళు నున్నబడిపోయి ఉంటాయి, వాన పడితే జారతాయి. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

కింద వంతెన దగ్గర రిబేరా గోడకి ఒక కంచు ఫలకం ఉంది, ఆల్మీన్యాస్ అంటారు. 1809 మార్చి 29న ఫ్రెంచి సైన్యం ఊరి మీద పడినప్పుడు జనం పడవల వంతెన మీదుగా అవతలికి పరుగెత్తారు. వంతెన తెగి ఎందరో నదిలో కొట్టుకుపోయారు. ఇప్పటికీ ఆ ఫలకం ముందు కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. సెల్ఫీల జనం మధ్య ఎవరో ఒక ముసలమ్మ వచ్చి ఒత్తి వెలిగించి వెళ్ళిపోతుంది. నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

వంతెన కింది అంతస్తు దాటితే గాయా ఒడ్డున పోర్టు వైన్ గోదాములు. ద్రాక్ష రసం పులుస్తుండగానే మధ్యలో ద్రాక్ష సారాయి కలిపి పులియడం ఆపేస్తారు, అందుకే ఆ తీపి నిలిచిపోతుంది. గోదాము చూపించి రుచి చూపే టూర్ 20 యూరోల దాకా అవుతుంది. తాగే అలవాటున్నవాళ్ళు ఒక్క గ్లాసు విడిగా కొనుక్కుంటే నాలుగైదు యూరోలు. తాగనివాళ్ళకి టూర్ అవసరం లేదు. ఒడ్డున కట్టేసిన రబేలు పడవల మీద పీపాలు పేర్చి ఉంటాయి, అవి చూస్తే చాలు. ఆ పీపాల్ని వాళ్ళు అనేదీ 'పీపా' అనే. మన పీపా, అలమార, మేస్త్రీ, ఇస్త్రీ, బొత్తాం, అనాస ఇవన్నీ వాళ్ళ ఓడల్లో వచ్చిన మాటలే. షాపుల బోర్డుల మీద వాటిని వెతుక్కుంటూ నడవడం పిల్లలకి మంచి ఆట.

భోజనం అయ్యాక ఇక ఎక్కొద్దు. వంతెన దాటి మళ్ళీ పోర్టో ఒడ్డుకి వచ్చి 500 నంబరు బస్సు ఎక్కండి. సముద్రం దాకా నది వెంబడే పోతుంది, ఆందాంత్ కార్డు చెల్లుతుంది. అదే దారిలో పాత ట్రామ్ కూడా ఉంది గానీ దానికి విడిగా చాలా ఎక్కువ టికెట్, కార్డు చెల్లదు. నది సముద్రంలో కలిసే ఫోజ్ దగ్గర దిగితే అట్లాంటిక్ అలలు దీపస్తంభం గోడ మీద విరుచుకుపడుతుంటాయి. ఈతకి మాత్రం ఆశపడకండి, ఆగస్టులో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి. సాయంత్రం అదే బస్సు మిమ్మల్ని తెచ్చి కొండ మీద లిబెర్దాద్ కూడలిలో దింపుతుంది.

7. తిండి

మధ్యాహ్నం పెద్ద భోజనం, రాత్రి తేలిగ్గా. పోర్టోలో పొదుపంటే ఇదే. పనిదినాల్లో చిన్న హోటళ్ళ తలుపు మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంటుంది: 'ప్రాతు దు దియా', అంటే ఇవాళ్టి వంటకం. సూప్, ముఖ్య వంటకం, ఒక డ్రింకు, కాఫీ అన్నీ కలిపి 10 నుంచి 12 యూరోలు. బొమ్మల మెనూ పట్టుకుని పిలిచే మనిషి వాకిట్లో ఉంటే ముందుకి నడవండి. పన్నెండున్నరకే పనివాళ్ళతో నిండిపోయే చోటు వెతకండి.

కూర్చోగానే అడక్కుండా రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చి పెడతారు. మన దగ్గర పచ్చడి, ఉల్లిపాయ పెట్టినట్టు అనుకుని తింటే బిల్లులో పడుతుంది. వద్దనుకుంటే మగవాళ్ళు 'నావ్, ఒబ్రిగాదు', ఆడవాళ్ళు 'నావ్, ఒబ్రిగాదా' అంటే తీసేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. 'దోజ్' అంటే ఇద్దరికి సరిపోయే వడ్డన. ఒక్కరే అయితే 'మేయా దోజ్', సగం అడగండి.

ఊరి పేరు చెప్పుకునే ఫ్రాన్సెజీన్యా శాండ్‌విచ్‌లో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ ఉంటాయి, పైన చీజ్, బీరు కలిపిన సాస్. తినేవాళ్ళు ఒకటి ఇద్దరు పంచుకోండి. తిననివాళ్ళు 'సెం కార్న్ ద పోర్కు', 'సెం కార్న్ ద వాకా' అనే రెండు మాటలు నేర్చుకుని వెళ్ళండి. శాకాహారులకి కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్ బాగుంటుంది కానీ అందులో సాసేజ్ ముక్క వేస్తారు. 'సోపా ద లెగుమ్స్' అయితే కూరగాయల సూప్, అయినా మాంసం లేదు కదా అని ఒకమాట అడగండి.

పోర్టో వాళ్ళని త్రిపెయిరుస్ అంటారు, పేగులు తినేవాళ్ళని. 1415లో ఉత్తర ఆఫ్రికాలోని సెయుటా మీదికి దండెత్తి బయల్దేరిన ఓడలకి మంచి మాంసమంతా ఇచ్చేసి, తాము పేగులతో సరిపెట్టుకున్నారని చెప్పుకుంటారు. ఆ వంటకం నేను తిన్నాను. తెల్ల చిక్కుడు గింజలతో ఉడికించిన బోటీ, పక్కన అన్నం, గిన్నె మూత తీయగానే జీలకర్ర వాసన. బోటీ కూర ఎరిగిన నాలుకకి అది పరాయి తిండిలా అనిపించదు.

కారం లేక నోరు చచ్చుబడితే 'చుర్రాష్‌కేరా' బోర్డు వెతకండి. బొగ్గుల మీద కాల్చిన కోడి, దాని మీద పిరిపిరి అనే మిరప నూనె. సగం కోడి పొట్లం కట్టించుకుంటే ఇద్దరికి రాత్రి భోజనం. మిరపకాయని మన దేశానికి మోసుకొచ్చింది కూడా ఈ దేశపు ఓడలేనని తలుచుకుంటూ తినండి. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు, సీసా వెంట ఉంచుకోండి.

డబ్బు తీయాలంటే 'మల్టీబాంకో' అని రాసి ఉన్న బ్యాంకు యంత్రాల్లోనే తీయండి. మీ కరెన్సీలోకి మార్చమంటారా అని తెర మీద అడిగితే వద్దనే నొక్కండి.

8. మూడో రోజు: గిమరాయిష్

మొదటి రాజు అఫోన్సు ఊరు ఇదే. సావ్ బెంతో నుంచి లోకల్ రైల్లో గంటంపావు, ఒకవైపు టికెట్ నాలుగు యూరోలు అనుకోండి. సీటు రిజర్వేషన్ ఉండదు, ధర ఎప్పుడు కొన్నా ఒకటే. పాత కోట, రాజుల నివాసం, రాతి కూడళ్ళు అన్నీ నడిచే దూరంలోనే. ఊరి పాత ప్రాకారం గోడ మీద అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి: 'పోర్చుగల్ పుట్టింది ఇక్కడే'. ఈ పాత ఊరు 2001 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఒలివేరా కూడలిలో కూర్చుని ఒక కాఫీ తాగి, మధ్యాహ్నం రైలుకి వెనక్కి వచ్చేయొచ్చు.

పెద్దవాళ్ళు ఉంటే దీని బదులు బ్రాగా ఊరికి వెళ్ళండి. అక్కడి బొం జెజుస్ చర్చి ఉన్న కొండకి నీటి బరువుతో నడిచే 1882 నాటి ఫ్యూనిక్యులర్ ఉంది. అక్కడ మాత్రం టికెట్ కొని ఎక్కండి, దిగేటప్పుడు చర్చి ముందున్న అలంకారపు మెట్ల మీదుగా నడిచి రండి.

9. లెక్క

విమానం, వీసా కాకుండా ఒక్కరికి: మూడు రాత్రులు హాస్టల్ పడక 75 యూరోలు, పర్యాటక పన్ను 9, తిండి రోజుకి 22 చొప్పున 66, మెట్రో బస్సులు 12, గిమరాయిష్ రానుపోను 8, ప్రవేశ టికెట్లకి 15. మొత్తం 185 యూరోలు. ఇద్దరు గది పంచుకుంటే హాస్టల్ బదులు మామూలు గది తీసుకున్నా మనిషికి 40, 50 యూరోలకి మించి పెరగదు. కోత పెట్టాల్సి వస్తే టికెట్లలో పెట్టండి, మధ్యాహ్న భోజనంలో వద్దు.

10. తిరుగు ప్రయాణం

కార్డు మీద రెండు జోన్ల టికెట్లన్నీ అయిపోయాయో లేదో ముందు రాత్రే చూసుకోండి, పొద్దున యంత్రం దగ్గర నాలుగు జోన్లది ఎక్కించాలి. మెట్రో ఉదయం ఆరు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. అంతకంటే ముందు విమానమైతే అలియాదోస్ నుంచి రాత్రి బస్సు 3ఎం విమానాశ్రయానికి వెళ్తుంది. కొండ మీద గది తీసుకున్నవాళ్ళకి ఆ స్టాపు దాకా దారంతా దిగుడే.